రిపోర్టులో ఆ అంకె

మహారాణిపేటలో ల్యాబు మెట్ల మీదే కవరు తెరిచాను. హెచ్‌ఎస్‌వి-2 ఐజీజీ: 1.6, పాజిటివ్. అంటే లైంగికంగా సోకే హెర్పిస్ వైరస్‌కు యాంటీబాడీలు నా రక్తంలో ఉన్నాయని. కాళ్లు చల్లబడ్డాయి. ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తున్నాయి; అమ్మకు ఏమి చెప్పాలన్నదే మొదటి ఆలోచన.

చర్మవ్యాధుల డాక్టరు గారు కాగితం చూసి, "ఎప్పుడైనా పుండ్లు వచ్చాయా అమ్మా?" అని అడిగారు. రాలేదన్నాను. సాధారణంగా 1.1 దాటితే పాజిటివ్ అని రాస్తారట. కానీ 3 కన్నా తక్కువ ఉన్నప్పుడు తప్పుడు పాజిటివ్‌లు ఎక్కువ, కాబట్టి వేరే పద్ధతిలో మరో పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. ఐజీఎం అనే మరో రకం యాంటీబాడీ పరీక్ష ఫలితాన్ని అసలు నమ్మవద్దన్నారు. పుండు ఉన్నప్పుడైతే అక్కడి నుంచి స్వాబ్ తీసి చేసే పీసీఆర్ పరీక్షే మేలు. సోకి 12 వారాలైనా కాకముందే రక్తపరీక్ష చేయిస్తే నెగెటివ్ వచ్చినా నిశ్చింతగా ఉండలేం.

ఇవన్నీ రిపోర్టులోనే రెండు వాక్యాల్లో రాయవచ్చు కదా! 'పాజిటివ్' అన్న ఆ ఒక్క మాట చూసి ఎంతమంది ఎవరికీ చెప్పుకోలేక కుమిలిపోతున్నారో. బాధగా ఉంది, కోపంగానూ ఉంది.

రెండో పరీక్ష ఫలితం ఇంకా రాలేదు. నిజంగా ఉందని తేలినా మందులతో అదుపులో ఉంటుందనీ, పెళ్లికీ పిల్లలకూ అది అడ్డు కాదనీ డాక్టరు గారు చెప్పారు. కాబోయే మనిషికి మాత్రం దాచకుండా చెబుతాను.