జీతం లేని మనిషి కేసు ఎవరు తీసుకుంటారు?

డాలస్‌లో రోగుల తరఫున వైద్య నిర్లక్ష్యం కేసులు నడిపే ఒక చిన్న లా ఆఫీసులో నా ఉద్యోగం. నేను లాయర్ని కాదు. గుంటూరులో ఎంబీబీఎస్ చేసి, పెళ్ళయ్యి హెచ్4 మీద (భర్త ఉద్యోగ వీసాని బట్టి వచ్చే వీసా) ఇక్కడికొచ్చి, పరీక్షలన్నీ పాసయినా రెసిడెన్సీ (ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే తప్పనిసరైన హాస్పిటల్ శిక్షణ) దొరకని ఆడవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కొందరు మెడికల్ కోడింగ్ నేర్చుకుంటారు, కొందరు క్లినికల్ రీసెర్చ్‌లో చేరతారు. వర్క్ పర్మిట్ చేతికొచ్చాక నాకు దొరికిన పని ఇది. హాస్పిటల్ రికార్డులు చదవాలి, ఎప్పుడు ఏం జరిగిందో తేదీ, గంట, నిమిషంతో సహా వరసగా రాసిపెట్టాలి.

"డాక్టరు చదువు చదివి డాక్టర్ల మీదే కేసులు వేయిస్తావా తల్లీ?" అని మా మామయ్యగారు ఫోన్లోనే అడిగేశారు. ఆయనకి ఏం చెప్పాలో తెలియక నవ్వి ఊరుకున్నాను. ఇప్పుడైతే చెప్పగలను. కేసులు వేయించడం కన్నా, వేయలేమని చెప్పడమే మా ఆఫీసులో పెద్ద పని.

ఇక్కడి చార్టులు వేల పేజీలుంటాయి. అందులో చాలా భాగం కాపీ పేస్టు. "పేషెంట్ ప్రశాంతంగా ఉన్నారు, ఏ ఇబ్బందీ లేదు" అన్న ముక్క రాత్రంతా, అదే అక్షర దోషంతో సహా, మళ్ళీ మళ్ళీ కనబడుతుంది. పక్కనే వైటల్స్ చూస్తే బీపీ పడిపోతూ, గుండె వేగం పెరుగుతూ ఉంటుంది. అసలు కథ ఆడిట్ ట్రెయిల్‌లో దొరుకుతుంది. ఆ నోట్ ఎవరు తెరిచారు, ఏ కంప్యూటర్ నుంచి, ఎన్నింటికి టైపు చేశారు, తర్వాత ఏ మాట చెరిపారు, అన్నీ కంప్యూటర్ తనంతట తనే రాసిపెట్టుకుంటుంది. రాత్రి పదకొండింటికి పరీక్ష చేశామని ఉన్న నోట్, పేషెంటుని ఐసీయూకి తోసుకెళ్ళాక తెల్లవారుజామున టైపు చేసిందని అందులో బయటపడుతుంది. అలాంటిది ఒకటి దొరికిందంటే మా లాయరు తన గదిలోంచి లేచి నా టేబుల్ దగ్గరికి వచ్చేస్తాడు.

కానీ అంతదాకా వచ్చే కేసులు తక్కువ. మిగతావన్నీ ఫోన్ దగ్గరే ఆగిపోతాయి.

ఫోన్ చేసినవాళ్ళని అడగడానికి మా దగ్గర ఒక ఫారం ఉంది. ఏ హాస్పిటల్, ఎప్పుడు, ఏం జరిగింది అన్న ప్రశ్నల తర్వాత వయసు, ఉద్యోగం, ఏడాది జీతం, ఆధారపడినవాళ్ళు ఎంతమంది అన్నవి వస్తాయి. చేరిన కొత్తలో ఈ రెండో భాగం మర్యాద కోసం అడుగుతున్నామేమో అనుకున్నాను. కేసు తీసుకునేదీ వదిలేదీ చాలావరకు అక్కడే తేలుతుందని తర్వాత అర్థమైంది.

ఒక సాయంత్రం ఫోన్లో ఒకమ్మాయి ఇంగ్లీషులో మొదలుపెట్టి, నా పేరు వినగానే ఆగింది. "మీరు తెలుగువాళ్ళాండీ?" అంది. తర్వాత "అక్కా" అనేసింది. (వివరాలు కొంచెం మార్చి రాస్తున్నాను.) కూతురి పురుడుకని విజిటర్ వీసా మీద వచ్చిన తల్లి. భర్త లేరు. ఒక రాత్రి భరించలేని కడుపునొప్పి వస్తే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళారు. అక్కడ గ్యాస్ అని మందిచ్చి ఇంటికి పంపించారు. రెండో రోజు మళ్ళీ తీసుకెళ్ళేసరికి పేగుకి రక్తప్రసరణ ఆగిపోయి చాలా గంటలయింది. బతకలేదు. మొదటి రాత్రి స్కాన్ తీయాల్సిన సంకేతాలు ఆ అమ్మాయి చదివి వినిపించిన డిశ్చార్జి కాగితాల్లోనే నాకు కనబడుతున్నాయి.

"అమ్మకి ఉద్యోగం ఉందా?" అని అడిగాను. అడగాలి కదా, ఫారంలో ఉంది.

"ఉద్యోగమేంటక్కా, అమ్మ కదా."

టెక్సాస్ చట్టం ప్రకారం ఆ కేసుకి ఏమవుతుందో చెప్తాను. 2003లో ఇక్కడ హౌస్ బిల్ 4 అని ఒక చట్టం వచ్చింది. కోర్టులు దాన్ని కొట్టేయకుండా అదే ఏడాది సెప్టెంబరు 13న ప్రొపొజిషన్ 12 పేరుతో రాష్ట్ర రాజ్యాంగ సవరణకి ఓటింగు పెట్టారు. యాభై ఒక్క శాతంతో, అంచు మీద గెలిచింది. దాని ప్రకారం వైద్యం ఖర్చులకి పరిమితి లేదు. పోయిన సంపాదనకీ లేదు, మరణం కేసుల్లో మాత్రం మొత్తం మీద వేరే, చాలా పెద్ద పరిమితి ఒకటి ఉంది. నొప్పి, మనోవ్యథ, అంగవైకల్యం, మనిషి తోడు పోవడం లాంటి వాటికి మాత్రం డాక్టర్లందరి మీదా కలిపి 2,50,000 డాలర్లే గరిష్ఠం. హాస్పిటళ్ళు కూడా తప్పు చేశాయని తేలితే ఒక్కోదానికి 2,50,000, అదీ రెండింటికి మించకుండా. జ్యూరీ పది లక్షలిచ్చినా జడ్జి కోసేస్తాడు. జ్యూరీకి ఆ సంగతి చెప్పరు కూడా. ధరలతో పాటు ఆ అంకె పెరగదు. ఇరవై ఏళ్ళు దాటినా అదే అంకె. డబ్బు విలువ పడిపోయి అప్పటి లెక్కలో ఇప్పుడది లక్షన్నరకి కాస్త అటూ ఇటూ.

అంటే నలభై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు చనిపోతే పోయిన జీతం లెక్కేసి లక్షల డాలర్లు అడగొచ్చు. అదే తప్పుకి ఆయన తల్లి చనిపోతే సంపాదన సున్నా. మిగిలేది ఆ 2,50,000. ఇక్కడ లాయర్లు ముందు ఫీజు తీసుకోరు. గెలిస్తే మూడో వంతు నుంచి నలభై శాతం దాకా తీసుకుంటారు, ఖర్చంతా అప్పటిదాకా వాళ్ళే పెట్టుకుంటారు. వైద్య నిర్లక్ష్యం కేసంటే అదే రంగంలో పనిచేస్తున్న డాక్టర్ల చేత నిపుణుల రిపోర్టులు రాయించాలి, సాక్ష్యం చెప్పించాలి. గంటకి వందల డాలర్లు. ఓ డెబ్బై వేలు ఖర్చయిందనుకోండి. నలభై శాతం ఫీజు లక్ష. పూర్తిగా గెలిచినా కుటుంబానికి ఎనభై వేలు. ఓడితే లాయరు జేబులోంచి డెబ్బై వేలు గోవిందా. ఏ లాయరు దిగుతాడు?

పైగా ఆ తల్లిని తీసుకెళ్ళింది ఎమర్జెన్సీకి. అక్కడ అత్యవసర వైద్యంలో మామూలు నిర్లక్ష్యం నిరూపిస్తే సరిపోదు. ప్రమాదమని తెలిసి కూడా లెక్కచేయకుండా చేశారని నిరూపించాలి. ఎమర్జెన్సీ డాక్టర్లు చాలాచోట్ల హాస్పిటల్ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కంపెనీవాళ్ళు. కాబట్టి హాస్పిటల్ "మాకు సంబంధం లేదు" అంటుంది. కేసు వేశాక అవతలివాళ్ళు కోర్టులో జవాబిచ్చిన 120 రోజుల్లో నిపుణుడి రిపోర్టు ఇవ్వకపోతే కేసు పోవడమే కాదు, అవతలి లాయరు ఫీజు కూడా మన నెత్తినే.

ఆ అమ్మాయికి ఇదంతా విడమరిచి చెప్పలేదు. "మేం తీసుకోలేకపోతున్నామండీ" అన్న ఉత్తరం ఆఫీసు నుంచి వెళ్ళింది. ఆ ఉత్తరంలో 'మీ అమ్మగారి కేసులో తప్పు జరగలేదని మా అభిప్రాయం కాదు' అన్న వాక్యం ఒకటి ఉంటుంది. ఎంతమంది దాన్ని పట్టించుకుంటారో.

ఇక రెండో వైపు. మాకు బాగా దగ్గరైన ఒక గైనకాలజిస్టు ఉన్నారు, విజయవాడవైపు వారే. శనివారం భోజనాలకి కలిసినప్పుడల్లా "ఏమ్మా లాయరమ్మా, ఈ వారం ఎవర్ని పట్టుకున్నారు?" అంటారు. నవ్వుతూనే అంటారు గానీ ఆయన మీద ఒకసారి కేసు పడింది. పురిట్లో బిడ్డ భుజం ఇరుక్కున్న కేసు. ఆయన తప్పేం లేదని చివరికి కొట్టేశారు. కొట్టేసేలోగా రెండేళ్ళు పట్టింది. "నువ్వు చార్ట్ చూస్తావు. నేను ఆ గదిలో ఉన్నాను. నాలుగు నిమిషాలమ్మా. ఆ నాలుగు నిమిషాల గురించి రెండేళ్ళు ప్రశ్నలడిగారు" అన్నారు ఒకసారి. ఇప్పటికీ ఏ హాస్పిటల్లో చేరాలన్నా, ఏ ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌కి అప్లై చేయాలన్నా "మీ మీద ఎప్పుడైనా కేసు పడిందా?" అన్న గడి ఉంటుంది. పడింది అని టిక్ పెట్టి, కింద వివరణ రాయాలి.

ఆయన కోపం ఉత్తి కోపం కాదు. 2002 నాటికి టెక్సాస్‌లో డాక్టర్ల ఇన్సూరెన్స్ ప్రీమియాలు విపరీతంగా పెరిగాయి, కొన్ని కంపెనీలు రాష్ట్రం వదిలి పోయాయి. ఆ ఏడాది ఏప్రిల్లో మెక్సికో సరిహద్దు వైపు రియో గ్రాండ్ వ్యాలీ డాక్టర్లు పని ఆపి నిరసన తెలిపారు. చట్టం వచ్చాక కేసులూ తగ్గాయి, ప్రీమియాలూ తగ్గాయి. వ్యవస్థ దండగమారిదన్న మాటా అబద్ధం కాదు. హార్వర్డ్ వాళ్ళు 1,452 క్లెయిములు పరిశీలించి 2006లో వేసిన వ్యాసంలో, బాధితుడికి ఒక డాలరు చేరేలోపు లాయర్లకీ, నిపుణులకీ, కోర్టులకీ 54 సెంట్లు ఖర్చవుతోందని తేల్చారు. నా జీతం ఆ 54 సెంట్లలోదే.

కానీ "చట్టం వచ్చాకే టెక్సాస్‌కి డాక్టర్లు వెల్లువలా వచ్చారు" అని ఆయన అన్నప్పుడు మాత్రం నేను ఊరుకోను. బ్లాక్, హైమన్, సిల్వర్ అనే ముగ్గురు ప్రొఫెసర్లు ఆ లెక్కలు తీశారు. చట్టానికి ముందు డాక్టర్ల సంఖ్య ఎలా పెరుగుతోందో తర్వాతా సుమారుగా అలాగే పెరిగింది. డాక్టర్లకి కేసుల భయం తగ్గితే అనవసరపు టెస్టులు తగ్గి ఖర్చు తగ్గుతుందన్నారు. మెడికేర్ (పెద్దవాళ్ళకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) ఖర్చు చూస్తే అదీ జరగలేదు. ఇది చెప్తే ఆయన పెరుగన్నం కలుపుకుంటూ "ప్రొఫెసర్లకేం, వాళ్ళ మీద కేసులు పడవు" అంటారు.

ఆయన ఒప్పుకునే కేసు ఒకటే. మా డాలస్‌దే. క్రిస్టఫర్ డంట్ష్ అనే న్యూరోసర్జన్ 2011 నుంచి 2013 దాకా ఒక హాస్పిటల్ నుంచి ఇంకో హాస్పిటల్‌కి మారుతూ వెన్నెముక ఆపరేషన్లు చేశాడు. ముప్పైకి పైగా మంది దెబ్బతిన్నారు, ఇద్దరు చనిపోయారు. వాళ్ళలో కొందరికి లాయరు దొరకడమే గగనమైపోయింది. కారణం నేను పైన చెప్పిన లెక్కే. హాస్పిటల్ మీద కేసు వేయాలంటే తెలిసి, చెడుబుద్ధితో అతన్ని చేర్చుకుందని నిరూపించాలి. చివరికి అతన్ని ఆపింది సివిల్ కోర్టు కాదు. సాటి సర్జన్లు, డాక్టర్ల లైసెన్సులు చూసే మెడికల్ బోర్డు వెంటపడ్డారు, ఆ తర్వాత క్రిమినల్ కేసు నడిచింది. 2017లో యావజ్జీవం పడింది. ఏ నేరం కిందో చూడండి: వృద్ధురాలికి గాయం చేయడం. అరవై ఐదు నిండిన మనిషికి హాని చేస్తే ఈ రాష్ట్ర క్రిమినల్ చట్టం ప్రత్యేకంగా చూస్తుంది. అదే మనిషి సివిల్ కోర్టు మెట్లెక్కితే ఆమె సంపాదన ఎంత అని అడుగుతుంది.

అన్ని రాష్ట్రాలూ ఒకటి కాదు. ఈ రకం పరిమితికి పాత నమూనా కాలిఫోర్నియాది: 1975లో 2,50,000 అని పెట్టి దశాబ్దాల పాటు కదపలేదు. 2022లో ఇరుపక్షాలూ రాజీపడి, 2023 నుంచి మామూలు కేసులకి 3,50,000, మరణమైతే 5,00,000 చేశారు. పదేళ్ళలో అవి 7,50,000, పది లక్షలకి చేరేలా. ఇల్లినాయ్‌లో, జార్జియాలో 2010లో అక్కడి సుప్రీంకోర్టులు పరిమితుల్నే కొట్టేశాయి. ఫ్లోరిడా ఇంకో రకం. భర్త లేని తల్లి వైద్య నిర్లక్ష్యం వల్ల చనిపోతే, పాతికేళ్ళు నిండిన పిల్లలు తమ దుఃఖానికి పరిహారం అడిగే హక్కే 1990 నుంచి లేదు. దాన్ని ఎత్తేయడానికి 2025లో చట్టసభ బిల్లు పాస్ చేస్తే గవర్నర్ డిశాంటిస్ వీటో చేశాడు. మనవాళ్ళ అమ్మానాన్నలు ఏటా ఆరేసి నెలలు గడిపేది ఈ రాష్ట్రాల్లోనే.

మన దగ్గర ఇంతకన్నా బాగుందా అంటే, కాగితం మీద బాగుంది. 1995లోనే సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది, పరిమితి ఏదీ లేదు. 1990లో హైదరాబాద్ నిమ్స్‌లో ఛాతీలో కణితికి ఆపరేషన్ అయ్యాక నడుం కింది భాగం చచ్చుబడిపోయిన ఇంజినీరింగ్ విద్యార్థికి కోటి రూపాయలు ఇమ్మంది సుప్రీంకోర్టు. అది 2009లో. అంతకాలం ఎవరాగుతారు? అందుకే మన ఊళ్ళలో హాస్పిటల్ ముందు శవంతో కూర్చోవడం, ఎవరో లీడరు వచ్చి ఇన్ని లక్షలని మాట్లాడి పంపడం. అక్కడ తప్పు చేయని డాక్టరూ తన్నులు తింటాడు, చార్ట్ ఎవరూ తెరవరు. కనీసం ఇక్కడ తెరవడానికి చార్ట్ ఉంది.

ఇప్పుడు మేం వద్దన్న ప్రతి ఫోన్‌లోనూ, మా లాయరు ఒప్పుకున్న మేరకు, కొన్ని విషయాలు చెప్తున్నాను. టెక్సాస్‌లో గడువు చాలావరకు రెండేళ్ళే, దుఃఖం తగ్గాక చూద్దామనుకోవద్దు. రికార్డులు అడిగే హక్కు రోగికీ, రోగి పోతే వారసత్వ వ్యవహారాలు చూసే మనిషికీ ఉంటుంది. హాస్పిటల్ ఇవ్వనంటే కుదరదు. చార్టుతో పాటు ఆడిట్ ట్రెయిల్ కూడా కావాలని లిఖితపూర్వకంగా రాయండి, ఒక్కోసారి లాయరు అడిగితే తప్ప ఇవ్వరు, అయినా రాయండి. మేం వద్దన్నామని ఆగొద్దు, ఇంకో ఇద్దరు లాయర్లని అడగండి. టెక్సాస్ మెడికల్ బోర్డుకి ఫిర్యాదు చేయడానికి లాయరు అక్కర్లేదు, డబ్బూ అక్కర్లేదు. పరిహారం రాదు గానీ ఆ డాక్టరు ఫైల్లో ఒక కాగితం చేరుతుంది.

ఆ అమ్మాయి బోర్డుకి రాసింది. తల్లి వయసు, రెండుసార్ల హాస్పిటల్ కాగితాలు, మొదటి రాత్రి వైటల్స్ జతచేసింది. ఆ ఫారంలో జీతం గురించి ప్రశ్న లేదట.