దారం కాని దారం

ఆదివారం. పర్లాకిమిడిలో పొద్దుటినుంచీ ముసురు. పదకొండు గంటలకి కరెంటు పోయింది. నాది కాలిమిషను, కాబట్టి పని ఆగలేదు. కానీ సూదిలో దారం ఎక్కించడానికి వెలుతురు కావాలి కదా. మిషను కిటికీ దగ్గరికి జరుపుకున్నా. దారం కొస నోట్లో తడిపి, వేళ్ళతో నలిపి, మూడుసార్లు గురి చూశా. మూడుసార్లూ బెజ్జం పక్కనుంచే పోయింది. ఇక లాభం లేదని పక్కింటి పిల్లని కేకేశాను.

ఆరో తరగతి చదువుతోంది. ఇంట్లో ఒడియా, మా వీధిలో తెలుగు. నన్ను మావుసీ అంటుంది, మా అమ్మని ఆయీ అంటుంది. వచ్చీ రాగానే ఒక్క గురిలో దారం ఎక్కించేసి, "కూలి ఏదీ మావుసీ?" అంది. మా ఇద్దరి మధ్య కూలి అంటే పొడుపు కథే. నేనొకటి పొడవాలి, అది విప్పాలి. వేసవి సెలవుల్లో మొదలైన అలవాటు, ఇప్పటికీ పోలేదు.

చేతిలో దారపుండ ఉంది కాబట్టి నోటికి వచ్చింది అడిగేశా. "దారం కాని దారం ఏది?"

చాలాసేపు ఆలోచించింది. ఉన్ని అంది. తాడు అంది. సాలెగూడు అంది, అది నాకు భలే నచ్చింది కానీ జవాబు కాదని చెప్పా. పెరటి గుమ్మం అవతల మందార చెట్టు వానకి తడుస్తోంది, కొమ్మ నిండా ఎర్రగా పూలు. "దాన్ని చూస్తూనే ఉన్నావు" అని ఆనవాలు కూడా ఇచ్చా. చెట్టు చూసింది, పూలు చూసింది, గోడమీద తడిసిన పిల్లిని కూడా చూసింది. దొరకలేదు. చివరికి "హారిలి" అని ఒప్పుకుంది.

"మందారం" అన్నాను.

నవ్వలేదు. కళ్ళు చిట్లించి, "మందార పువ్వు నాకు తెలుసు, మేమూ మందారే అంటాం. అందులో దారం ఎక్కడుంది?" అంది. అప్పుడు తట్టింది నాకు. పువ్వు పేరు రెండు భాషల్లోనూ ఒకటే. దారాన్ని మాత్రం వాళ్ళు సూతా అంటారు. నాతో తెలుగు ఎంత గలగలా మాట్లాడినా ఆ పిల్ల మనసులో మందార పువ్వు విచ్చుకున్నప్పుడు దాంట్లోంచి దారం బయటికి రాదు.

నాకెందుకో ఇది పొద్దంతా పట్టుకుని వదల్లేదు. కాజాలు కుడుతూ ఒక్కొక్కటే వెతుక్కున్నా. బడి కాని బడి రాబడి. కాయ కాని కాయ తలకాయ. ఇవేవీ వీధి దాటి పక్కింట్లోకి వెళ్ళవు. కానీ మామ కాని మామ ఎవరని అడిగితే, ఆకాశం వైపు వేలు చూపించి "జహ్నమాము!" అని అరిచింది. మనకి చందమామ, వాళ్ళకి జహ్నమాము. చంద్రుడు రెండిళ్ళకీ మేనమామే. ఆ ఒక్కటి దాటినందుకు నాకు ఎంత సంతోషం వేసిందంటే, కుడుతున్న కాజా వదిలేసి దాన్ని దగ్గరికి తీసుకున్నా.

చూసి పొడిచిన కథలకి ఈ ఇబ్బంది లేదు. చెయ్యని కుండ, పొయ్యని నీళ్ళు, వెయ్యని సున్నం అని పూర్తిచేసే లోపే "నడియా" అనేసింది. కొబ్బరికాయ ఏ భాషలో కొట్టినా లోపల తెలుపే. చిటారు కొమ్మన మిఠాయి పొట్లం అంటే తేనెపట్టూ అంతే. కంటికి కనిపించేవి దాటతాయి, చెవికి మోగేవి ఉండిపోతాయి. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే బడిలో పాఠాలు చెబుతూ సవర భాష నేర్చుకున్నారు, దానికి నిఘంటువు కూడా కట్టారు. సవర మాట పక్కన ఇంకో భాష మాట పెట్టబోయి, ఇలాంటి దారం దగ్గర ఆయన ఎన్నిసార్లు చెయ్యి ఆపి కూర్చున్నారో అనిపించింది.

మధ్యాహ్నం అమ్మ చేపల పులుసు పెట్టింది. తిన్నాక భువనేశ్వర్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడికి ఈ మధ్య వేరే రకం చిక్కుముళ్ళ పిచ్చి పట్టింది. కథ సగమే చెప్తాడు. మనం ఎన్ని ప్రశ్నలైనా వెయ్యొచ్చు, వాడు అవును, కాదు తప్ప ఇంకో మాట అనడు. తిన్నగా కాకుండా పక్కదారిన ఆలోచించాలట. దానికి లేటరల్ థింకింగ్ అనే పేరు 1967లో ఎడ్వర్డ్ డి బోనో పెట్టాడట, మాల్టా దేశంలో పుట్టిన వైద్యుడు. ఫోన్ స్పీకర్లో పెట్టి పిల్లని కూడా కూర్చోబెట్టుకున్నా.

కథ ఇదీ. ఒకాయన పదో అంతస్తులో ఒక్కడే ఉంటాడు. రోజూ పొద్దున్న లిఫ్టులో కిందికి దిగి పనికి వెళ్తాడు. సాయంత్రం వచ్చేటప్పుడు మాత్రం ఏడో అంతస్తు దాకానే లిఫ్టు, ఆపైన మెట్లెక్కి పోతాడు. వాన కురిసిన రోజు, లేదంటే లిఫ్టులో తోడు ఎవరైనా ఉన్న రోజు, తిన్నగా పదో అంతస్తు దాకా లిఫ్టులోనే వెళ్తాడు. ఎందుకని?

ఏడో అంతస్తులో చుట్టాలున్నారా అని నేను. కాదు. లిఫ్టు పాడైందా అని పిల్ల. కాదు. నడవమని డాక్టరు చెప్పాడా? కాదు. వానలో తడిసి నీరసపడతాడా? కాదు. పిల్ల బుర్ర గోక్కుని, "ఆయన చేతిలో గొడుగుందా?" అంది. అవును! అవతల వాడి గొంతులో ఉత్సాహం చూసి మాకూ ఊపొచ్చింది గానీ, గొడుగుకీ లిఫ్టుకీ ముడి పడలేదు. గొడుగు తడిసి నీళ్ళు కారుతుంది కాబట్టి మెట్లు పాడవుతాయనా? కాదు.

మా అమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతోంది. కథ వింటోందని కూడా నాకు తెలీదు. అక్కణ్ణుంచే అంది, "ఏటే, అంత ఆలోసిస్తన్నారు? ఆడు పొట్టోడు. పై మీట ఆడికి అందదు."

ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. తర్వాత మేనల్లుడు, "అమ్మమ్మా, నీకెవరు చెప్పారు?" అన్నాడు.

ఎవరూ చెప్పలేదు. మా వంటింట్లో స్విచ్చుల బోర్డు ఎత్తుగా ఉంటుంది, బిగించినవాడు తన ఎత్తుకి బిగించేశాడు. అమ్మ చెయ్యి అక్కడిదాకా పోదు. అందుకని బోర్డు కింద మేకుకి ఒక అప్పడాల కర్ర వేలాడుతూ ఉంటుంది. దాని కొసతో పొడిచి లైటు వేస్తుంది, పొడిచి ఆర్పుతుంది. ఎన్నో ఏళ్ళ నుంచీ అంతే. ఆ కర్ర కొస నున్నగా అరిగిపోయింది, స్విచ్చు మీద చిన్న గుంట కూడా పడింది. ఇంట్లో ఎవరైనా పొడుగువాళ్ళు ఉంటే "కాస్త ఆ లైటెయ్యి" అంటుంది, లేకపోతే కర్ర. గొడుగూ, తోడూ రెండూ అందులోనే ఉన్నాయి. నేను రోజూ ఆ కర్రని చూస్తూనే ఉన్నా, చుట్టాలూ డాక్టర్లూ అంటూ ఊరంతా తిరిగొచ్చా. అమ్మకి వెతకాల్సిన పనే పడలేదు.

అక్కడితో అమ్మకి హుషారొచ్చింది. చెయ్యి తుడుచుకుని వచ్చి తన చిన్నప్పటిది పెట్టింది. అమ్మ పుట్టిల్లు పాతపట్నం. ఇక్కడికి కూతవేటు దూరం, అయినా అది ఆంధ్రా, ఇది ఒడిశా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చింది, అమ్మవాళ్ళ ఊరు అటే ఉండిపోయింది. అమ్మ కథలో ఏరు ఎప్పుడూ మహేంద్రతనయే. ఒకడు పులినీ, మేకనీ, గడ్డిమోపునీ ఏరు దాటించాలి. పడవలో తనతో ఒక్కటే పడుతుంది. వాడు లేకపోతే పులి మేకని తింటుంది, మేక గడ్డిని తింటుంది. ఇదే లెక్క తోడేలు, మేక, క్యాబేజీలతో సుమారు 1200 ఏళ్ళ కిందటి లాటిన్ లెక్కల పుస్తకంలో ఉంది. అక్కణ్ణుంచి ఎన్ని ఏళ్ళు దాటి పాతపట్నం చేరిందో!

పిల్లకి నా కుట్టు డబ్బా ఇచ్చేశాను. కొలతల టేపు నేలమీద పరిచి ఏరు చేసింది. కోటు బొత్తాం పులి, చొక్కా బొత్తాం మేక, దారపుండ గడ్డిమోపు, బాబిన్ల డబ్బా మూత పడవ. మొదట మేకని దాటించడం వెంటనే తట్టింది. తర్వాత పులిని తీసుకెళ్ళి అక్కడ ఆగిపోయింది. పులిని అక్కడ వదిలితే మేక పోతుంది. మూత అటూ ఇటూ జరుపుతూ అరగంట. నాకు చెప్పెయ్యాలని నాలిక పీకేస్తోంది, అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంది. చెప్పకుండా ఉండటం నాకింకా రాలేదు, అమ్మకి బాగా వచ్చు. ఆఖరికి పిల్ల చొక్కా బొత్తాన్ని మళ్ళీ మూతలో వేసి వెనక్కి తెచ్చింది. తెస్తూనే కేక పెట్టింది. దాటించినదాన్ని వెనక్కి తేకూడదని ఎవరూ అనలేదు, తనే అనుకుంది. మిగతాది చకచకా అయిపోయింది, మొత్తం ఏడు ప్రయాణాలు.

వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి, "ఇప్పుడు నాది విప్పు మావుసీ. నీళ్ళలో ఈదుతుంది. ఒక్క గుర్తు తగిలిస్తే గాల్లో ఎగురుతుంది. ఏంటది?" అంది.

పడవా? కాదు. బాతా? కాదు. తూనీగ పిల్లా? కాదు. ఆనవాలు అడిగితే, "మందారానికి బదులు ఇది" అని నవ్వింది. ఎక్కడ విన్నావంటే తనే కట్టిందట. బతిమాలా. "కహిబిని" అనేసి, వానలో తల మీద చెయ్యి పెట్టుకుని పరుగెత్తింది.

సాయంత్రం దీపం పెట్టేదాకా తెలుగులోనే వెతికాను. చేప, కప్ప, తాబేలు, అన్నిటికీ గుడి పెట్టి చూశా, కొమ్ము పెట్టి చూశా. అమ్మని అడిగితే, "నీ కూలి నువ్వే కట్టుకో" అంది.

ఎనిమిదింటికి కరెంటొచ్చింది. పులుసు గిన్నె మీద మూత పక్కకి జరిగిపోయి ఉంది. ముసురు రోజుల్లో ఈగలు ఎక్కువ. ఒకటి గిన్నె అంచు మీద వాలింది. చేత్తో తోలి, మూత సరిగ్గా పెడుతున్నానో లేదో, చెయ్యి అలాగే ఆగిపోయింది. చేపని వాళ్ళు మాఛ అంటారు. ఛకి గుడి పెడితే మాఛి. మాఛి అంటే ఈగ.

వీధి తలుపు తీసి చూశా. పక్కింట్లో లైటు ఆర్పేశారు. రేపు బడికి వెళ్ళేముందు ఏడున్నరకల్లా గుమ్మం దగ్గర ఉంటుంది. సూదిలో దారం ఉంది, అయినా తీసేసి పెట్టాను.