ఒక్క పన్నుకే ఫ్లోరైడ్ వస్తుందా?

మాది నల్గొండ జిల్లా. ఆ మాట చెప్పాక నా పన్ను గురించి ఇంకెవరూ ఏమీ అడిగేవారు కాదు. కింది దవడలో ఎడమవైపు ఒక పన్ను పసుపు, గోధుమ రంగు కలిసిపోయి గుంటలు గుంటలుగా ఉండేది. "ఫ్లోరైడ్ నీళ్లు కదమ్మా" అని బంధువులు, హాస్టల్ స్నేహితులు, ఆఖరికి మందుల షాపు అబ్బాయి కూడా తేల్చేశారు.

పదకొండేళ్లప్పుడు అది మొలవడమే అలా మొలిచింది. నవ్వితే కనిపించదు కాబట్టి రంగుతో బాధ లేదు. చల్లనీళ్లు తగిలితే మాత్రం జివ్వుమనేది. అన్నం కుడివైపే నమలడం అలవాటైంది. ఉద్యోగంలో చేరాక ఒకరోజు వేయించిన పల్లీలు తింటుంటే పన్ను అంచు పెళుక్కున విరిగింది. నాలుక పెడితే గరుగ్గా, గోరంత పదును.

హైదరాబాద్‌లో డాక్టరమ్మ అద్దం పెట్టి నోరంతా చూశారు. "ఫ్లోరోసిస్ అయితే దీని ఒక్కదానికే ఎందుకొస్తుంది? కుడివైపు దీని జత పన్ను శుభ్రంగా ఉంది చూడండి" అన్నారు. "చిన్నప్పుడు ఇక్కడి పాలపన్ను పుచ్చి చీము పట్టిందా?"

అమ్మకు ఫోన్ చేశా. నాలుగేళ్లప్పుడు బుగ్గ వాచి, చిగురు మీద చీముపొక్కు లేచిందట. గోలీలు వేశారు, పొక్కు చితికింది, నొప్పి పోయింది. "పాలపన్నేగా, ఎట్లాగూ ఊడేదే" అని ఊరుకున్నారు. అప్పట్లో మా ఊళ్లో ఎవరైనా అంతే చేసేవారు. పొక్కు మాత్రం మళ్లీ మళ్లీ లేచేదట.

పాల దవడ పన్ను వేర్ల మధ్యే, ఎముక లోపల, తర్వాత రావాల్సిన పన్ను మొగ్గ ఉంటుంది. నాలుగేళ్ల వయసులో దానిమీద ఎనామెల్, అంటే పన్ను పైనుండే గట్టి పొర, ఇంకా ఏర్పడుతూనే ఉంటుంది. చీము ఆ వేర్ల సందులోకి దిగితే ఎనామెల్ తయారుచేసే కణాలు దెబ్బతింటాయి. పన్ను బయటికొచ్చేసరికి ఆ కణాలే మిగలవు, ఇక ఆ లోటు తనంతట తాను పూడదు. ఇలాంటిదాన్ని టర్నర్ పన్ను అంటారట.

విరిగిన పన్నుకు పట్టిన పుచ్చు నరం దాకా పోలేదని ఎక్స్‌రేలో తేలింది. రూట్ కెనాల్ తప్పింది. ముందు ఫిల్లింగ్ పెట్టారు, కొన్ని నెలలకే ఊడింది. ఎనామెల్ సరిగ్గా లేనిచోట అది గట్టిగా అంటుకోదట. చివరికి అరగదీసి సెరామిక్ క్యాప్ వేశారు. మొదట్లో ఎత్తుగా తగిలి విసుగు పుట్టించింది, సరిచేయించుకున్నా. ఇప్పుడు ఫ్రిజ్ నీళ్లు ఎడమవైపు నుంచే తాగుతున్నా.

మొన్న మా అక్క కొడుక్కి అదే చోట చిగురు వాచింది. అమ్మ లవంగం వెతికేలోపే అక్క వాణ్ణి పిల్లల డెంటిస్ట్ దగ్గరికి తీసుకెళ్లింది. లోపలి చీము తీసి, మందు నింపి, స్టీల్ క్యాప్ వేశారు. వాడికి ఐదేళ్లు. అడుగునున్న పన్ను ఎలా వస్తుందో తెలియాలంటే ఇంకో ఐదారేళ్లు ఆగాలి. వాడు మాత్రం వెండి పన్ను వచ్చిందని బడంతా చూపించుకు తిరుగుతున్నాడు.