ఎప్పుడూ రెండే ఎందుకు పడుతుంది?

ఆదివారం, రాత్రి

మధ్యాహ్నం భోజనాలయ్యాక కరెంటు పోయింది. ఫోన్లలో చార్జింగూ అంతంతమాత్రం. మేనకోడలు సుద్దముక్క తీసుకుని హాల్లో అడ్డం ఐదు, నిలువు ఐదు గళ్లు గీసేసింది. గవ్వలు కనిపించలేదు. అమ్మ నాలుగు చింతపిక్కల్ని ఒక వైపు తెల్లగా తేలేదాకా మెట్ల గచ్చుకేసి అరగదీసి తెచ్చింది. అష్టా చమ్మా మొదలు.

నాలుగూ తెల్లగా పడితే చమ్మా, అంటే నాలుగు. నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది. మా ఇంట్లో ఈ రెండిట్లో ఏదో ఒకటి పడితేనే కాయ బయల్దేరాలి. పిల్లకేమో పడట్లేదు.

"మామయ్యా, నాకెప్పుడూ రెండే ఎందుకు పడుతోంది?"

"నీ చెయ్యి మంచిది కాదే," అంది అమ్మ.

చెయ్యి సంగతేమో గానీ, లెక్క తేలికే. పాత క్యాలెండర్ కాగితం వెనక రాసి చూపించాను. ఒక్కో పిక్కా రెండు రకాలుగా పడొచ్చు కాబట్టి మొత్తం 16 రకాలు. అందులో చమ్మాకి ఒకటి, అష్టాకి ఒకటి, ఒకటికి నాలుగు, మూడుకి నాలుగు, రెండుకి ఏకంగా ఆరు. పందేలు ఐదే కదా, అన్నీ సమానంగా పడాలి అనిపించడం మామూలే. ఇటలీ జూదరులకూ ఇలాంటి అనుమానమే వచ్చింది: మూడు పాచికల మొత్తం 9 కావడానికీ 10 కావడానికీ ఆరేసి జోడింపులే ఉంటే, 10 ఎక్కువ పడుతుందేమిటని. గెలీలియో ఓపిగ్గా లెక్కపెట్టి, 216 రకాల్లో 9కి 25, 10కి 27 అని తేల్చాడు.

"అయితే కాయ లేవడానికి 16లో రెండు. ఎనిమిది సార్లు వేస్తే ఒకసారి ఖాయం!" అంది పిల్ల.

అక్కడే ఉంది తిరకాసు. ప్రతిసారీ పడకపోయే అవకాశం ఎనిమిదింట ఏడు. దాన్ని ఎనిమిది సార్లు హెచ్చవేస్తే సుమారు 34 శాతం వస్తుంది. ముగ్గురు ఆడుతుంటే, తలా ఎనిమిది పందేలు వేశాక కూడా ఎవరో ఒకరు కదలకుండా కూర్చోవడంలో వింతేమీ లేదు. ఆ ఒకరు ఈ రోజు మా పిల్ల, అంతే.

అమ్మ ఇదంతా విని, "ఆ బొద్దుపిక్క ఎప్పుడూ ఒకేవైపు పడుతోంది, అది చూడవేం?" అంది. నిజమే, ఇవి నాణేలు కావు. పిక్కలన్నీ తెలుపువైపు 60 శాతం పడతాయనుకుంటే చమ్మా దాదాపు 13 శాతం, అష్టా రెండున్నర. రెండూ కలిపితే పన్నెండున్నర కాస్తా పదిహేనున్నర అవుతుంది. రెండు పడడం, మూడు పడడం సరిసమానం. అంటే పిక్కలన్నీ ఒకేవైపు మొగ్గితే, అది ఏ వైపైనా సరే, కాయ లేవడం తేలికవుతుంది! ఇది నేనూ ఊహించలేదు.

అది వినగానే మేనకోడలు పిక్కలు గుప్పిట పట్టుకుని, ఇంకాస్త అరగదీస్తానని మెట్ల మీదికి పరిగెత్తింది. అందరం వేసేది అవే పిక్కలమ్మా అని అరిచాను. వినిపించుకుంటేగా.