పీణ్యాలో ఆగిపోయిన బిల్లులు

ఈరోజంతా బెంగళూరు పీణ్యా ఇండస్ట్రియల్ ఏరియాలోనే గడిచిపోయింది. కాళ్లు లాగేస్తున్నాయి కానీ ఇది రాయకుండా పడుకోబుద్ధి కావట్లేదు.

నా ఇంటర్న్‌షిప్‌లో వారంలో కొన్ని రోజులు చిన్న వర్క్‌షాపులకి రావాల్సిన బిల్లులు ట్రాక్ చేసే యాప్ తయారుచేసే స్టార్టప్‌లో పని, మిగతా రోజులు ఆ బిల్లుల డబ్బు ఆలస్యమయ్యే సమస్య మీద ప్రభుత్వానికి ఇచ్చే పాలసీ నోట్ రాసే టీమ్‌తో. నోట్‌లో నా వంతు చట్టం చదవడం. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమల) చట్టం ప్రకారం చిన్న యూనిట్ దగ్గర సరుకు తీసుకున్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో డబ్బు కట్టాలి. ఆలస్యమైతే ఆర్బీఐ బ్యాంక్ రేటుకి మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదుకి ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఉంది. చదివినప్పుడు, ఇంతకన్నా ఏం కావాలి అనిపించింది.

ఈరోజు వెళ్లిన షెడ్‌లో రెండు లేత్ మిషన్లు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మిషన్ ఒకటి. కింద ఇత్తడి రజను, ట్రేలో పాలలా తెల్లటి కూలెంట్. ఓనర్‌ది హిందూపురం, మాది ధర్మవరం అనగానే టీ తెప్పించారు. ఖాతా పుస్తకం తెరిచి చూపించారు. రాని ప్రతి బిల్లు పక్కనా ఫోన్ చేసిన తేదీలు పెన్సిల్‌తో రాసుకున్నారు, ఒక బిల్లుకైతే మార్జిన్ చాలక తేదీలు వెనక పేజీలోకి వెళ్లాయి. ఇత్తడి రాడ్లు ఇచ్చే డీలరు మాత్రం ఈయనకి అప్పు పెట్టడు, రొక్కమే. మధ్యలో బ్యాంకు ఓవర్‌డ్రాఫ్ట్ వడ్డీ ఈయన నెత్తి మీద.

ఆ పోర్టల్‌లో ఫిర్యాదు ఎందుకు పెట్టలేదు అని అడిగాను.

"చట్టం నాకూ తెలుసమ్మా. కంప్లైంట్ ఇస్తే ఆ డబ్బులు వస్తాయనుకో, మళ్లీ ఆర్డరు యాడ నుంచి వస్తాది?"

మా యాప్‌లో ఒక్క నొక్కుతో లీగల్ నోటీసు పంపే బటన్ చూపిస్తే, ఫోన్ నా చేతికి తిరిగి ఇచ్చేశారు. "ఇది తీసేయండమ్మా, పొరపాటున చెయ్యి తగిలిందంటే మా పని అయిపోతుంది."

మెట్రోలో వస్తూ దీని గురించే ఆలోచించాను. చట్టంలో హక్కంతా అమ్మినవాడికి ఇచ్చి, దాన్ని వాడే ధైర్యం కూడా వాడే తెచ్చుకోవాలంటున్నాం. అమ్మినవాడు నోరు విప్పాల్సిన అవసరం లేకుండా నడిచే ఏర్పాట్లు కొన్ని ఇప్పటికే ఉన్నాయి. 45 రోజులు దాటిన బాకీలుంటే కంపెనీలు 2019 నుంచి ఎంఎస్ఎంఈ-1 అనే ఫారంలో ఏడాదికి రెండుసార్లు ప్రభుత్వానికి చూపించాలి. ఆదాయపు పన్నులో 43బి(హెచ్) అనే నిబంధన వచ్చాక, గడువులోపు కట్టని బిల్లుని నిజంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చు కింద చూపించుకోవాలి. ఆ ఫారంలో కొన్నవాడే ఒప్పుకున్న బాకీ ఉన్నప్పుడు, అమ్మినవాడి ఫిర్యాదు కోసం ఎదురుచూడటం ఎందుకు? కేసు అక్కడి నుంచే కదలాలి. నోట్‌లో ఈ పేరా రాశాను, మా మెంటర్ మేడమ్‌కి పంపించాను. "బాగుంది, తప్పుడు సమాచారం ఇస్తే ఎవరు పట్టుకుంటారో కూడా రాయి" అని రిప్లై వచ్చింది. నిజమే, దానికి నా దగ్గర ఇంకా సరైన జవాబు లేదు.

రేపు స్టార్టప్ రోజు. ఆ బటన్ తీసేయమని ఫౌండర్‌కి చెప్పాలి. ఇన్వెస్టర్లకి మొట్టమొదట చూపించేది ఆయన దాన్నే, కాబట్టి గట్టిగానే వాదించాల్సి వస్తుంది. ఆ ఖాతా పేజీ ఫోటో తీసుకోవడానికి ఓనర్ ఒప్పుకున్నారు, పేర్లు కనపడకుండా చేసి అదే ముందు చూపిస్తాను.