ఊరంతా నైట్ హాల్టే

ఆదిలాబాద్ డిపోలో ముప్పయ్యొక్క ఏళ్లు స్టీరింగు పట్టినవాణ్ణి. అలాంటిది, కరివేపాకు రెబ్బ కావాలన్నా ఇంకొకరు బండి తీస్తే తప్ప గడప దాటలేని ఊళ్లో రెండు నెలలు ఉండి వచ్చాను. ఆ ఊరి పేరు ప్రిన్స్‌టన్. పేరు వినగానే అందరికీ గుర్తొచ్చే విశ్వవిద్యాలయం న్యూజెర్సీలో ఉంది. ఇది టెక్సస్‌లో, డాలస్‌కు ఈశాన్యంగా దాదాపు నలభై మైళ్ల దూరంలో ఉన్న ఊరు. మా అమ్మాయి, అల్లుడు 2023లో అక్కడ ఇల్లు కొన్నారు. 2024 అక్టోబరులో నేనూ మా ఆవిడా బయలుదేరాం.

విమానాశ్రయం నుంచి గంటకు పైగా ప్రయాణం. దారి పొడవునా ఒక్క ప్రయాణికుడు కూడా రోడ్డు పక్కన నిలబడి కనబడలేదు. చెయ్యెత్తేవాళ్లు లేని రోడ్డు మీద వెళ్లడం నాకు అదే మొదటిసారి. ఊళ్లోకి మలుపు తిరిగాక ఇళ్లు మొదలయ్యాయి. అదే ఇటుక రంగు, అదే గరాజు తలుపు, అదే పిలక మొక్క. మూడో రోజు సాయంత్రం వాకింగుకు వెళ్లి తిరిగొచ్చి పక్కవాళ్ల తలుపు తట్టాను కూడా.

2020 జనాభా లెక్కల్లో ఆ ఊళ్లో ఉన్నది 17,027 మంది. 2024 జులై నాటికి 37,019 అయ్యారని అక్కడి సెన్సస్ అంచనా. ఆ ఏడాది అమెరికాలో ఇరవై వేల జనాభా దాటిన ఊళ్లలో అన్నిటికన్నా వేగంగా పెరిగినది అదే. మేము వెళ్లడానికి కొద్ది వారాల ముందే కొత్త ఇళ్ల దరఖాస్తులు కొంతకాలం తీసుకోబోమని నగర పాలక మండలి తీర్మానించింది. నీళ్లు, మురుగునీటి ఏర్పాట్లు, రోడ్లు, పోలీసులు పెరిగిన జనానికి సరిపోవడం లేదని కారణం. మన దగ్గర ముందు ఇళ్లు కట్టేసి, తర్వాత ట్యాంకరు పిలుస్తాం. ఆగి ఆలోచించినందుకు వాళ్లను మెచ్చుకోవాలనిపించింది. అప్పటికే అనుమతులు వచ్చిన చోట్ల మాత్రం పొద్దున్నే మేకులు దిగేసే చప్పుడు ఆగలేదు.

నన్ను ఆ ఊరికి దగ్గర చేసింది మట్టి. ఒకరోజు అల్లుడు ఇంటి చుట్టూ గోడ వారగా చిల్లుల గొట్టం పరిచి నీళ్లు వదులుతున్నాడు. అక్కడ మొక్కలేమీ లేవు.

"దేనికయ్యా ఈ నీళ్లు?" అన్నాను.

"పునాదికి మామయ్యా" అన్నాడు.

వంగి ఒక పెడ్డ చేతిలోకి తీసుకున్నాను. నల్లరేగడి! మా జైనథ్, బేల చేలల్లో ఉండే మట్టి లాంటిదే. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి దూరేంత నెర్రెలు విచ్చుతుంది. ఎండ ముదిరితే మట్టి కుంచించుకుపోయి ఇంటి కింది కాంక్రీటు పలక పగులుతుందని ఇంటిగోడకు నీళ్లు పెడతారట. ఒకప్పుడు ఆ నేలలోనూ పత్తే పండించేవారు. పత్తి పండే నేలలో ఇల్లు కట్టుకుంటే ఇంటికి కూడా తడి పెట్టాల్సిందే అనుకుని నవ్వుకున్నాను.

తెల్లవారుజామున ఐదున్నరకే గరాజు తలుపులు ఒకదాని తర్వాత ఒకటి లేచేవి. ఏడున్నరకల్లా వీధి ఖాళీ. మళ్లీ సాయంత్రం ఆరు దాటాక కార్లు వరసగా వచ్చి గూళ్లలో దూరేవి. నాకది బాగా తెలిసిన పద్ధతే. బేలకు నైట్ హాల్టు వెళితే రాత్రికి బస్సు నిలిపి, అక్కడే పడుకుని, కోడి కూయగానే తీసేవాళ్లం. ఈ ఊళ్లో ఇంటింటికీ నైట్ హాల్టే. పైగా ఐదు సీట్ల బండిలో ఒక్క మనిషి. మా లెక్కలో ఆక్యుపెన్సీ ఇరవై శాతం. అలాంటి సర్వీసును మా డిపో మేనేజరు వారం తిరగకుండా రద్దు చేసేవాడు.

రెండో వారంలో నాకు రోషం వచ్చింది. వెనక గోడ అవతల పెద్ద దుకాణం బోర్డు కనబడుతూనే ఉంది. పక్షిలా ఎగిరితే అర కిలోమీటరు ఉండదు. కానీ ఆ కాలనీకి బయటికి దారి ఒక్కటే. వీధులన్నీ వంకర్లు తిరిగి ఎక్కడికక్కడ మూసుకుపోతాయి. చుట్టూ తిరిగి ప్రధాన రోడ్డు 380కి చేరేసరికి అరగంట పట్టింది. అక్కడితో కాలిబాట అయిపోయింది. తర్వాత గడ్డి, దాని పక్కన కాలువ, ఆ పక్కన గంటకు యాభై మైళ్ల వేగంతో పోయే ట్రక్కులు. రోడ్డు దాటడానికి సిగ్నల్ కోసం ఇంకా ముందుకు నడవాలి.

సగం దూరం పోయానో లేదో ఒక పికప్ బండి పక్కకు తీసి ఆగింది. టోపీ పెట్టుకున్న పెద్దాయన అద్దం దించి, బండి ఎక్కడ చెడిపోయింది, సాయం కావాలా అని అడిగాడు. బండి లేదు, నడుస్తున్నానని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. భాష అర్థమైంది, సంగతే అర్థం కాలేదు. చివరికి దుకాణం దగ్గర దింపి చెయ్యి ఊపి వెళ్లాడు. మంచి మనిషి. ముప్పయ్యొక్క ఏళ్లలో నేను ఎందరిని ఎక్కించుకున్నానో, నన్ను ఒకరు అలా ఎక్కించుకోవడం అదే తొలిసారి. టికెట్ అడగలేదు కూడా.

తిరిగి వచ్చాక అమ్మాయి ముఖం చిన్నబోయింది. "బాపూ, చెబితే తీసుకెళ్లనా?" అంది. చెప్పడమే నాకు కష్టమని తనకు ఎలా చెప్పను? అంతర్జాతీయ లైసెన్సు తెచ్చుకున్నాను కానీ ఇన్సూరెన్సు సంగతి ఎత్తి అల్లుడు వద్దన్నాడు. ఆ మాటా నిజమే. మా ఆవిడ పరిస్థితి ఇంకా అన్యాయం. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆధార్ చూపించి, జీరో టికెట్ మీద ఉట్నూరు, నిర్మల్, బాసర చుట్టి వచ్చిన మనిషి, ఇక్కడ సోఫాకు అతుక్కుపోయింది. కరివేపాకు కోసం డాలస్ శివారు ఊరైన ఫ్రిస్కో వైపు ఇరవై మైళ్లకు పైగా వెళ్లిన శనివారం, ఆకుతో పాటు ఒక కుండీ మొక్క కూడా కొనిపించింది.

ఆ రాత్రి అల్లుడితో లెక్కలకు కూర్చున్నాను. తన ఆఫీసు రానూపోనూ తొంభై మైళ్లు, వారానికి మూడు రోజులు. అమ్మాయిది యాభై మైళ్లు, నాలుగు రోజులు. వెరసి వారానికి 470 మైళ్లు. ఆఫీసు పని మీద సొంత కారు తిప్పితే 2024లో అమెరికా పన్నుల శాఖ మైలుకు 67 సెంట్లు లెక్కగట్టింది. ఆ లెక్కన వారానికి 315 డాలర్లు. "నెలకు పదమూడు వందలకు పైగా రోడ్డు తింటోంది, చూడు" అన్నాను.

అతను కోపం తెచ్చుకోలేదు. "ఫ్రిస్కోలో ఉన్నా కారు తియ్యకుండా కుదరదు మామయ్యా. తగ్గేది మహా అయితే సగం. ఈ ఇల్లు 3,20,000 డాలర్లకు వచ్చింది. ఇలాంటిదే అక్కడ ఇంకో మూడు లక్షలు ఎక్కువ. ఆరున్నర శాతం వడ్డీకి ముప్పయ్యేళ్ల అప్పంటే, ఆ తేడాకే నెలకు 1,900 దాకా కట్టాలి. ఆస్తి పన్ను మళ్లీ వేరు" అన్నాడు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఇంటి మీదే గట్టిగా వేస్తారు. రెండుసార్లు కూడి చూశాను. అతనిదే గెలుపు. రోడ్డు మీద మిగిలే ఆరు వందల ఎనభైకి దాదాపు మూడు రెట్లు అప్పుకే పోతుంటే నేను మాత్రం ఏం వాదిస్తాను? డిపోలో అయితే ఇలాంటి లెక్క తెచ్చినవాణ్ణి మెచ్చుకునేవాళ్లం.

కానీ ఆ లెక్కలో కారు తోలేవాళ్ల ఖర్చే ఉంది. తోలలేనివాళ్ల ఖర్చు ఏ వరసలోనూ లేదు. పద్నాలుగేళ్ల పిల్లాడు స్నేహితుడి ఇంటికి పోవాలంటే అమ్మ సెలవు పెట్టాలి. అల్లుడు దానికి జవాబివ్వలేదు. "మీరు ఎప్పటికీ ఇక్కడే ఉంటామంటే అప్పుడు ఆలోచిద్దాం" అని మాట దాటేశాడు.

బస్సు ఎందుకు లేదని అడిగితే అతను చెప్పిన కారణం ఆసక్తిగా అనిపించింది. అమ్మకాల పన్ను అక్కడ మొత్తం 8.25 శాతం. అందులో స్థానికంగా వేసుకోగలిగేది రెండు శాతమే. డాలస్ ప్రాంత రవాణా సంస్థ డార్ట్‌లో చేరాలంటే అందులో సగం, అంటే ఒక శాతం, దానికి వదులుకోవాలి. పరిశ్రమలను రప్పించడానికి, పార్కులకు ఆ శాతాన్ని వాడుకుంటున్న ఊళ్లు చేరడం లేదు. ఉత్తరాన రెడ్ లైన్ రైలు ప్లానోలోని పార్కర్ రోడ్ స్టేషనుతో ఆగిపోతుంది. నా ముచ్చట తీర్చడానికి ఒక ఆదివారం ఇరవై అయిదు మైళ్లు కారులో వెళ్లి, దాన్ని అక్కడ నిలిపి, రైలెక్కి డాలస్ చూసి వచ్చాం. రైలు శుభ్రంగా ఉంది. నలుగురి మధ్య కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది.

ఆ ఊళ్లో బస్సే లేదనడం కూడా సరికాదు. పొద్దున్న మనవరాలిని ఎక్కించడానికి వీధి మూలకు వెళ్లేవాణ్ణి. పసుపుపచ్చ బస్సు వచ్చి, ఎర్ర దీపాలు వెలిగి, పక్కనుంచి స్టాప్ పలక చాచుకోగానే అటూ ఇటూ కార్లన్నీ కట్టేసినట్టు ఆగిపోయేవి. ఒక్క హారన్ లేదు. తప్పించుకుపోతే జరిమానా గట్టిగా ఉంటుందట. డ్రైవరు అరవై దాటిన ఆడమనిషి. మూడో వారానికల్లా నన్ను చూసి రెండు వేళ్లెత్తి పలకరించేది. ఎదురుపడిన బస్సు డ్రైవర్లం మేమూ అలాగే పలకరించుకునేవాళ్లం. నేను డ్రైవరునని ఆమెకు మనవరాలు చెప్పిందట.

డిసెంబరులో వచ్చేశాం. ఇప్పుడు అమ్మాయికి ఆఫీసు ఉన్న రోజుల్లో రాత్రి ఏడింటికి ఫోను మోగుతుంది. అక్కడ పొద్దున ఏడున్నర, అమ్మాయి 380 మీద ట్రాఫిక్‌లో ఉంటుంది. బండి నడుపుతూ మాటలేమిటని మొదట్లో కసిరాను. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంటాయి, మాట కారులోంచే వినబడుతుందని సర్దిచెప్పింది. ముప్పయ్యొక్క ఏళ్లు నా తల వెనక "డ్రైవరుతో మాట్లాడరాదు" అని రాసి ఉండేది. అమెరికా వెళ్లినప్పటి నుంచి తను ఇంతంత సేపు మాట్లాడింది లేదు. ఆఫీసు వచ్చేదాకా నలభై నిమిషాలు చెబుతూనే ఉంటుంది. ఆ నలభై నిమిషాలను అల్లుడి ముందు వేసిన లెక్కలో నష్టం కిందే రాశాను.

నిన్న మాట మధ్యలో మా ఆవిడ ఫోను లాక్కుంది. చలి ముదిరిందట కదా, కరివేపాకు కుండీ గరాజులోకి మార్చారా అని అడిగింది. మార్చలేదట. సాయంత్రం ఇంటికి చేరేసరికి చీకటి పడుతుంది, ఆదివారం చూస్తామంది.