యొప్పే మిద్దె నుంచి కైసరయ దాకా: అపొస్తలుల కార్యములు పదో అధ్యాయం వెంట మా యాత్ర

అనంతపురం నుంచి పవిత్ర దేశానికి వెళ్లే బృందాలు ఎక్కువగా బేత్లెహేము, యెరూషలేము, గలిలయ సముద్రం చూసి వచ్చేస్తాయి. యొప్పేకు (టెల్ అవీవ్ పక్కనున్న ఇప్పటి జాఫాకు) టైమ్ చాలదంటారు. కైసరయలో బస్సు అరగంట ఆపితే గొప్ప. కానీ దేవుడు పక్షపాతి కాడని యేసు శిష్యుడు పేతురుకు తెలిసొచ్చింది ఆ రెండు ఊళ్ల మధ్యే. అందుకే మేము అడ్వాన్సు కట్టకముందే టూరు వాళ్లతో వరుస తేల్చుకున్నాం: ముందు యొప్పే, తర్వాత కైసరయ, ఆ రెండూ అయ్యాకే యెరూషలేము.

ఈ వరుసకు జోర్డాన్ మీదుగా వెళ్లే ప్యాకేజీ కుదరదు. అమ్మాన్‌లో దిగితే తూర్పు నుంచి వస్తాం, యొప్పే పడమటి ఒడ్డున పక్కదారి అయిపోతుంది, ఆలస్యమైతే గైడు మొదట కోసేసేది దాన్నే. నేరుగా బెన్ గురియన్ విమానాశ్రయంలో దిగాలి. అది లోద్ ఊరి పక్కనే ఉంది. మన బైబిల్లోని లుద్ద అదే. పేతురు పక్షవాతంతో పడున్న ఐనెయను స్వస్థపరిచి, తబితా అనే విశ్వాసురాలు చనిపోయిందన్న కబురుతో యొప్పేకు బయల్దేరింది అక్కడి నుంచే. మన వైపు నుంచి హైదరాబాదు కన్నా బెంగళూరు విమానాశ్రయం దగ్గర. 44వ నంబరు హైవే మీద పెనుకొండ, బాగేపల్లి దాటితే దేవనహళ్లి. పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. 2023 అక్టోబరు తర్వాత యుద్ధం వల్ల విమానాలు పలుసార్లు ఆగిపోయాయి కాబట్టి, ప్రయాణం రద్దయితే డబ్బు ఎంత వెనక్కిస్తారో కాగితం మీద రాయించుకోనిదే కట్టొద్దు.

యొప్పే పాత ఊళ్లో లైట్‌హౌస్ దగ్గర చర్మకారుడైన సీమోను ఇల్లని సంప్రదాయంగా చెప్పే ఇల్లుంది. ప్రైవేటు ఆస్తి, లోపలికి వెళ్లనివ్వరు, సందులో నిలబడి తలుపు చూడటమే. మెట్లు ఎక్కువ, రాళ్లు నున్నగా జారుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను పైన సెయింట్ పీటర్ చర్చి దగ్గరే కూర్చోబెట్టాలి. చూడటానికి పెద్దగా ఏమీ లేదని చాలామంది నిరాశపడతారు. చదివితే తప్ప ఆ చోటు మాట్లాడదు.

తోలు పని ఎట్లుంటుందో మన సీమ పల్లెల్లో పెద్దవాళ్లకు చెప్పనక్కర్లేదు. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క వేసిన లందలో రోజుల తరబడి ఊరబెట్టాలి. ఆ వాసన చేతులను వదలదు. చచ్చిన పశువును తాకే పని కనుక యూదులు దాన్ని హీనంగా చూసేవారు. తోళ్లు ఊనే చోటు పట్టణానికి 50 మూరల అవతల ఉండాలని వాళ్ల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నా నియమం. మన మాదిగవాడలు ఊరి బయట ఎందుకున్నాయో తెలిసినవాళ్లకు ఇది వేరే వివరించాలా? ఆకాశం నుంచి దుప్పటిలో అన్ని రకాల జంతువులు దిగినట్టు దర్శనం కనబడి, చంపి తినమన్న మాట వినబడితే, నిషిద్ధమైనదేదీ ఎన్నడూ తినలేదని మిద్దె మీద మధ్యాహ్నం పేతురు మూడుసార్లు వాదించాడు. అలా వాదించినవాడు అప్పటికే ఆ ఇంట్లో చాలా రోజులుగా ఉంటున్నాడు. దుప్పటి దిగకముందే దేవుడు పని మొదలుపెట్టాడని నేను గట్టిగా నమ్ముతాను.

అక్కడ పదో అధ్యాయం 23వ వచనం దాకా చదివి ఆపాలి. మిగతాది కైసరయకే.

కైసరయలో ఉన్న రోమా శతాధిపతి కొర్నేలీ కబురు పంపితే పేతురు ఆరుగురు సహోదరులను వెంటబెట్టుకొని వెళ్లి, రెండో రోజు చేరిన దూరం బస్సులో గంట ప్రయాణం. శుక్రవారం కైసరయ పార్కు త్వరగా మూసేస్తారు, సబ్బాతుకు ముందు రోడ్లూ కిక్కిరిసిపోతాయి. వేరే రోజు పెట్టుకోండి. హేరోదు కట్టించిన నాటకశాలలో రాతి మెట్ల మీద కూర్చుని 24 నుంచి 48 దాకా చదవాలి. నీడ ఉండదు, టోపీ, నీళ్ల బాటిలు తప్పనిసరి. యేసుకు సిలువ శిక్ష వేసిన రోమా అధికారి పిలాతు పేరున్న రాయి 1961లో దొరికింది ఈ నాటకశాలలోనే. అసలుది యెరూషలేము మ్యూజియంలో ఉంది, ఇక్కడున్నది నకలు. ఇదే కొర్నేలీ ఇల్లని ఎవరైనా చూపిస్తే నమ్మొద్దు, ఆ చోటు ఎవరూ గుర్తించలేదు. కొర్నేలీ కాళ్ల మీద పడితే, నేనూ మనిషినే లెమ్మన్నాడు పేతురు. మన దైవసేవకులకు పాదాభివందనాలు చేసే సంఘాలు ఆ 26వ వచనం దగ్గర కాసేపు ఆగాలి.

యెరూషలేములో చదవాల్సింది 11వ అధ్యాయం, 1 నుంచి 18. అక్కడి విశ్వాసులు పేతురును నిలదీసింది యూదులు కానివాళ్లకు బోధించావని కాదు, వాళ్లతో కలిసి తిన్నావని. అదే పేతురు తర్వాత అంతియొకయలో మనుషులకు భయపడి పంక్తి నుంచి లేచి వెళ్లాడని గలతీ పత్రిక రెండో అధ్యాయం చెబుతుంది. కర్నూలు బిషప్పుగా పనిచేసిన పూల ఆంథోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయ్యారు. దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన తొలి వ్యక్తి ఆయనే. అది మనకు గర్వకారణమే. కానీ అదే సీమలో మాలలకో గుడి, మాదిగలకో గుడి, వేరువేరు సమాధుల తోటలు ఉన్న ఊళ్లున్నాయి.

అందుకే బృందం నడిపేవాళ్లు హోటలు గదుల జాబితాను సొంత చేత్తో రాయాలి. ఎవరిష్టానికి వాళ్లను వదిలేస్తే కులాన్ని బట్టే జతలు పడతాయి, భోజనం బల్లలూ అట్లే. ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్), సీఎస్‌ఐ, బాప్టిస్టు అన్న సంఘాల తేడా లేకుండా, ఊళ్లు కలిపి, ఒక గదికి ఇద్దరు చొప్పున వేయండి. గురకపెట్టేవాళ్లను, రాత్రి మందులు వేసుకునేవాళ్లను ముందే అడిగి తెలుసుకోండి, లేకపోతే మార్చమనడానికి అదే సాకు అవుతుంది. జాబితా బయల్దేరకముందే ఖరారు కావాలి. అక్కడికి వెళ్లాక మార్చడం కష్టం.